ఫారంలో ‘ఎప్పుడైనా’ అన్న మాట

అమెరికాలో లైసెన్సు ఉన్న దుకాణంలో తుపాకీ కొనాలంటే ముందు ఫారం 4473 నింపాలి. పేరు, చిరునామా, పుట్టిన తేదీ లాంటివి అయ్యాక ‘అవును’, ‘కాదు’ అని టిక్ పెట్టాల్సిన ప్రశ్నలు వరసగా వస్తాయి. వాటిలో ఒకటి ఇలా ఉంటుంది: మిమ్మల్ని ఎప్పుడైనా ‘మెంటల్ డిఫెక్టివ్’ అని నిర్ధారించారా, లేదా ఎప్పుడైనా మానసిక చికిత్సాలయానికి నిర్బంధంగా పంపారా?

ప్రశ్న బరువంతా ‘ఎప్పుడైనా’ అన్న మాట మీదే ఉంది. పోయిన నెల జరిగినా, 40 ఏళ్ల కిందట జరిగినా సమాధానం ఒకటే. ‘అవును’ అంటే అమ్మకం అక్కడితో ఆగుతుంది. తెలిసి ‘కాదు’ అని రాస్తే అది విడిగా ఇంకో నేరం. నిషేధం ఉన్న మనిషి దగ్గర తుపాకీ దొరికితే 15 ఏళ్ల దాకా జైలు పడొచ్చు. 2022 దాకా ఇది 10 ఏళ్లే ఉండేది, ఆ ఏడాది వచ్చిన చట్టం పెంచింది.

జబ్బు వస్తుంది, తగ్గుతుంది. కోర్టు ఉత్తర్వు మాత్రం ఒకసారి రికార్డులోకి ఎక్కితే దానంతట అది చెరిగిపోదు. ఆ రికార్డును దాటి మళ్లీ తుపాకీ పెట్టుకునే హక్కు పొందే దారి అమెరికాలో ఉందా అంటే, కాగితం మీద ఉంది. అది ఎవరికి తెరుచుకుంటుందన్నది మాత్రం ఆ మనిషి ఎంత కోలుకున్నాడన్న దానికంటే, ఏ రాష్ట్రంలో ఉండగా జబ్బు పడ్డాడన్న దాని మీద ఎక్కువగా ఆధారపడి ఉంది.

నిషేధం పుట్టింది 1968లో. ఆ ఏడాది ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ను, జూన్‌లో రాబర్ట్ కెనెడీని కాల్చి చంపారు. అక్టోబర్‌లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ గన్ కంట్రోల్ యాక్ట్ మీద సంతకం పెట్టారు. ఎవరెవరి దగ్గర తుపాకీ ఉండకూడదో అందులో పట్టీ ఉంది. పెద్ద నేరాల్లో శిక్ష పడినవారు, మత్తుమందులకు అలవాటుపడినవారు, వాళ్ల పక్కనే ‘మెంటల్ డిఫెక్టివ్’ అని నిర్ధారణ అయినవారు, మానసిక చికిత్సాలయానికి పంపబడినవారు. ఆ ఇంగ్లీషు మాటను ఇప్పుడు ఏ డాక్టరూ వాడడు. మన దగ్గర ‘పిచ్చివాడు’ అన్న మాట ఆస్పత్రి కాగితాల్లోంచి పోయి చాలాకాలమైనట్టే, అదీ పోయింది. చట్టంలో మాత్రం ఇంకా ఉంది.

ఆ మాటకు అర్థం చెప్పింది ఏటీఎఫ్. మద్యం, పొగాకు, తుపాకులు, పేలుడు పదార్థాల వ్యవహారాలు చూసే ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) సంస్థ అది. దాని నిబంధనల ప్రకారం కోర్టు గానీ బోర్డు గానీ చట్టబద్ధమైన మరో అధికారి గానీ ఒక మనిషి మానసిక స్థితి వల్ల తనకో ఇతరులకో ప్రమాదం అని తేలిస్తే అది ‘నిర్ధారణ’. తన వ్యవహారాలు తాను చూసుకోలేడని తేల్చినా నిర్ధారణే. నేరం కేసులో మతిస్థిమితం లేదని తీర్పు వచ్చినా, విచారణకు నిలబడే స్థితిలో లేడని తేలినా అంతే. ఇక ‘కమిట్ చేయడం’ అంటే అధికారం ఉన్నవారి ఉత్తర్వుతో నిర్బంధంగా చికిత్సకు పంపడం. పరిశీలన కోసం ఉంచుకోవడం ఇందులోకి రాదు. తనంతట తాను వెళ్లి చేరడం కూడా రాదు.

ఆస్పత్రి ఎమర్జెన్సీ గదిలో ఈ చివరి మాటకు ఉన్న విలువ చాలామందికి తెలియదు. ఒకే జబ్బు, ఒకే వార్డు, ఒకే మందులు ఉన్న ఇద్దరిలో ఒకడు తానే సంతకం పెట్టి చేరతాడు. ఇంకొకడు ఒప్పుకోక మొండికేస్తాడు, జడ్జి ఉత్తర్వుతో చేరుస్తారు. ఫెడరల్ చట్టం దృష్టిలో మొదటివాడికి ఏ అడ్డూ లేదు, రెండోవాడికి జీవితాంతం నిషేధం. మనసు కుదురుగా లేని రాత్రి ఒక కాగితం మీద సంతకం పెట్టాడా లేదా అన్నదే తేడా. ప్రమాదాన్ని కొలవడానికి ఇంతకంటే గుడ్డి కొలబద్ద దొరకడం కష్టం. అయితే చట్టం రాసినవాళ్ల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పుకోవాలి. తనంతట తాను చికిత్సకు వెళ్లినవాడికి కూడా హక్కు పోతుందంటే, మనసు బాగోలేనివాడు డాక్టరు గడప తొక్కడానికే జంకుతాడు. అలా జరగకూడదనే ఆ మినహాయింపు పెట్టారు.

దీనిపైన రాష్ట్రాల చట్టాలు వేరే ఉన్నాయి. ఇల్లినాయిస్‌లో తుపాకీ యజమాని కార్డు కావాలంటే గత 5 ఏళ్లలో మానసిక చికిత్సాలయంలో రోగిగా ఉండకూడదు, తనంతట తాను చేరినా సరే. కనెటికట్‌లో స్వచ్ఛందంగా చేరినవారికి 6 నెలల ఆంక్ష ఉంది. కాలిఫోర్నియాలో ప్రమాదకర స్థితిలో ఉన్నవారిని 72 గంటల దాకా ఆపి ఉంచే ‘5150’ కింద ఆస్పత్రిలో చేరిస్తే రాష్ట్ర చట్టం ప్రకారం 5 ఏళ్ల నిషేధం పడుతుంది. ఆ మనిషి కోర్టులో విచారణ కోరవచ్చు. అక్కడ నిరూపించాల్సిన భారం అతని మీద ఉండదు. ఇతను తుపాకీని జాగ్రత్తగా వాడడని ప్రభుత్వమే చూపించాలి. గడువు, విచారణ, ప్రభుత్వం మీద భారం అన్న ఈ మూడూ ఒకచోట ఉన్న చట్టాలు అరుదు. ఫెడరల్ చట్టంలో వీటిలో ఒక్కటీ లేదు.

తిరిగి వచ్చే దారి కథ ఇంకా విచిత్రంగా ఉంటుంది. దాని మూలం ఒక కంపెనీ. వించెస్టర్ తుపాకులు చేసే సంస్థకు మాతృసంస్థ అయిన ఓలిన్ మాథీసన్ 1960ల మొదట్లో మందుల ఎగుమతుల వ్యవహారంలో లంచం కేసులో నేరం ఒప్పుకుంది. నేరం రుజువైంది కాబట్టి అప్పటి చట్టం ప్రకారం ఆ సంస్థ తుపాకులు రవాణా చేయకూడదు. వించెస్టర్ మూతపడాలి. అది జరగకుండా 1965లో అమెరికా కాంగ్రెస్ చట్టంలో చిన్న కిటికీ తెరిచింది: నిషేధం పడినవారు ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టుకుంటే, ప్రజలకు ప్రమాదం లేదనుకుంటే ఊరట ఇవ్వవచ్చు. 1968 చట్టంలోకీ ఆ కిటికీ వచ్చింది. కంపెనీ కోసం తెరిచిన దానిలోంచి మామూలు నేరస్థులు కూడా రావడం మొదలుపెట్టారు.

మానసిక చికిత్స కారణంగా నిషేధం పడినవారికి మాత్రం ఆ కిటికీ లేదు. దొంగతనం చేసి జైలుకెళ్లినవాడు దరఖాస్తు పెట్టుకోవచ్చు. కొన్ని రోజులు ఆస్పత్రిలో ఉండి నయమై ఇంటికొచ్చినవాడు పెట్టుకోకూడదు. న్యూజెర్సీలో సరిగ్గా అలాంటి పరిస్థితిలో ఉన్న ఒక వ్యక్తి కోర్టుకెక్కాడు. కింది కోర్టు ఇది రాజ్యాంగ విరుద్ధం అంది. కేసు సుప్రీంకోర్టులో ఉండగానే 1986లో కాంగ్రెస్ చట్టం మార్చి, నిషేధం ఉన్న అందరికీ దరఖాస్తు హక్కు ఇచ్చింది. ఇక తేల్చడానికి ఏమీ మిగల్లేదని సుప్రీంకోర్టు కేసును వెనక్కి పంపింది.

ఆ హక్కు ఆరేళ్లు బతికింది. నేరస్థులకు తుపాకులు తిరిగి ఇవ్వడానికి ఏటీఎఫ్ ప్రజల డబ్బు ఖర్చు పెడుతోందని విమర్శ వచ్చింది. 1992లో కాంగ్రెస్ బడ్జెట్ చట్టంలో ఒక వాక్యం చేర్చింది: వ్యక్తుల దరఖాస్తులను పరిశీలించడానికి ఏటీఎఫ్ ఈ నిధుల్లోంచి ఒక్క డాలరు కూడా వాడకూడదు. ఆ తర్వాత ఏటేటా అదే వాక్యం. హక్కును రద్దు చేయలేదు, దరఖాస్తును చూసే గుమాస్తా జీతం ఆపేశారు. మన ప్రభుత్వాఫీసుల్లో పథకం రద్దు కాకుండానే ‘బడ్జెట్ రిలీజ్ కాలేదు’ అన్న జవాబుతో ఆగిపోయే సంగతి తెలిసినవారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు.

దీన్ని టెక్సస్‌కు చెందిన ఒక తుపాకుల వ్యాపారి సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లాడు. అతనిది మానసిక చికిత్స కేసు కాదు, మెక్సికోలో కారులో తూటాలు దొరికి శిక్ష పడిన కేసు. దరఖాస్తుకు జవాబే రాకపోతే దాన్ని తిరస్కరణగా లెక్కేసి కోర్టే నిర్ణయం చేయాలన్నది అతని వాదన. 2002లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఒప్పుకోలేదు. జవాబు ఇవ్వకపోవడం తిరస్కరణ కాదంది. తిరస్కరణ లేకపోతే అప్పీలూ లేదు. ఫెడరల్ తలుపు అలా చట్టబద్ధంగానే బిగుసుకుంది.

దాన్ని పక్కనుంచి కొంచెం తెరిపించింది ఒక ఘోరం. 2007 ఏప్రిల్ 16న వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి 32 మందిని కాల్చి చంపాడు. చనిపోయినవారిలో తమిళనాడు నుంచి వెళ్లి అక్కడ పాఠాలు చెబుతున్న ప్రొఫెసర్ జి.వి. లోగనాథన్ కూడా ఉన్నారు. కాల్చినవాడి గురించి తవ్వితే 2005 డిసెంబర్ నాటి ఉత్తర్వు ఒకటి బయటపడింది. అతని వల్ల అతనికే ప్రమాదం ఉందని తేల్చి, బయటి రోగిగా చికిత్స తీసుకోమని న్యాయాధికారి ఆదేశించారు. ఫెడరల్ నిబంధన ప్రకారం అదొక్కటే తుపాకీ కొనకుండా ఆపాలి. కానీ ఆస్పత్రిలో చేర్చలేదు కాబట్టి వర్జీనియా ఆ రికార్డును ఎఫ్‌బీఐ నడిపే బ్యాక్‌గ్రౌండ్ చెక్ వ్యవస్థకు పంపలేదు. ‘నిక్స్’ అని పిలిచే ఆ వ్యవస్థ 1998 నవంబర్ నుంచి పనిచేస్తోంది. అప్పటికి చాలా రాష్ట్రాలు దానికి మానసిక చికిత్స రికార్డులు పంపడమే లేదు.

రికార్డులు పంపించడానికి రాష్ట్రాలను ఒప్పించే చట్టం 2008 జనవరిలో వచ్చింది, అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్ సంతకంతో. దాని వెనక ఒక బేరం ఉంది. తుపాకీ యజమానుల సంఘమైన ఎన్ఆర్ఏ మద్దతు లేకుండా అది గట్టెక్కేది కాదు. రికార్డులు పంపితే పంపారు, కోలుకున్నవాడికి హక్కు తిరిగి ఇచ్చే పద్ధతి కూడా పెట్టాలని ఎన్ఆర్ఏ పట్టుబట్టింది. అందుకే చట్టంలో ఒక మెలిక పెట్టారు: కేంద్రం గ్రాంటు కావాలంటే రాష్ట్రం ‘ఊరట కార్యక్రమం’ ఏర్పాటు చేసుకోవాలి. తర్వాతి పదేళ్లలో నిక్స్‌లోని మానసిక చికిత్స రికార్డులు కొన్ని లక్షల నుంచి 40 లక్షలు దాటాయి. లోపలికి వెళ్లే దారి రహదారైంది. బయటికొచ్చే దారి వేయడం మాత్రం రాష్ట్రాల ఇష్టానికి వదిలేశారు. గ్రాంటు వద్దనుకున్న రాష్ట్రం అసలు వేయనక్కర్లేదు.

చాలా రాష్ట్రాలు వేశాయి, అన్నీ కాదు. వేసినచోట కూడా పద్ధతి ఒక్కటి కాదు. టెక్సస్‌లో నిర్బంధ చికిత్సకు ఉత్తర్వు ఇచ్చిన కోర్టుకే అర్జీ పెట్టుకోవాలి. న్యూజెర్సీలో ఆ ఉత్తర్వు రికార్డునే చెరిపేయమని కోరే వేరే ప్రక్రియ ఉంది. న్యూయార్క్‌లో కోర్టు కాకుండా మానసిక ఆరోగ్య శాఖ ధ్రువపత్రం ఇస్తుంది. ఎక్కడైనా తేల్చాల్సిన ప్రశ్న చట్టంలో ఒకటే: ఈ మనిషి ప్రజల భద్రతకు ప్రమాదకరంగా ప్రవర్తించే అవకాశం లేదా, ఇతనికి ఊరట ఇవ్వడం ప్రజాహితానికి విరుద్ధం కాదా.

అర్జీదారుడు ముందుగా సంపాదించాల్సింది పాత కాగితాలు. ఆ రోజు ఎందుకు చేర్చారు, పోలీసులు ఏం రాశారు, డాక్టరు ఏం రాశాడు, జడ్జి ఏం విన్నాడు అన్నవి. 20 ఏళ్లు దాటితే వీటిలో సగం దొరకవు. మూతపడిన ఆస్పత్రులుంటాయి, పాత ఫైళ్లు నాశనం చేసిన ఆఫీసులుంటాయి. రికార్డు దొరక్కపోతే మేలు అనుకుంటారు గానీ ఇక్కడ అది తిరగబడుతుంది. నిషేధం నిలబడటానికి నిక్స్‌లో ఒక్క వాక్యం ఉంటే చాలు, దాన్ని తొలగించడానికి మాత్రం ఆనాటి పరిస్థితులన్నీ వివరించాలి. ఆ తర్వాత చికిత్స చరిత్ర, నేర చరిత్ర, అతని పేరు ప్రతిష్ఠల గురించి తెలిసినవాళ్ల వాంగ్మూలాలు. యజమాని, పొరుగువారు, చర్చి పాస్టరు, భార్య ఇచ్చే ఉత్తరాలను చట్టమే అడుగుతుంది.

అన్నిటికంటే కష్టమైనది ఇప్పటి డాక్టరు నివేదిక. ‘ఈ రోజు ఇతనికి జబ్బు లక్షణాలు లేవు’ అని సైకియాట్రిస్టు రాయగలడు. ‘ఇకముందు ఇతను ఎవరికీ హాని చేయడు’ అని రాయమంటే చాలామంది పెన్ను మూసేస్తారు. అది వైద్యం కాదు, జోస్యం. రేపు ఏదైనా జరిగితే ఆ సంతకం టీవీ తెర మీదకొస్తుందన్న భయమూ ఉంటుంది. నివేదికకు, లాయరుకు అయ్యే ఖర్చు సాధారణంగా అర్జీదారుడిదే. వేట సీజన్‌లో తాత గారి రైఫిల్ పట్టుకుని కొడుకుతో అడవికి వెళ్లాలన్న కోరిక కోసం అంత ఖర్చు పెట్టలేనివాళ్లు అక్కడే ఆగిపోతారు.

ఒకరిని నిర్బంధంగా పంపింది ఒక రాష్ట్రం, ఇప్పుడు ఉంటున్నది ఇంకో రాష్ట్రం అయితే? ఊరట ఇవ్వాల్సింది పంపిన రాష్ట్రమే. చదువుకునే రోజుల్లో ఒకచోట ఆస్పత్రి పాలై, ఉద్యోగం కోసం దేశం రెండో చివరకు వెళ్లినవాడు మళ్లీ ఆ పాత రాష్ట్రాన్నే అడగాలి. అక్కడ కార్యక్రమమే లేకపోతే అడిగే చోటే లేదు. మిషిగన్‌లో ఒక పెద్దాయనకు ఎదురైంది ఈ చివరి చిక్కే. 1980ల నడుమ, 23 ఏళ్ల కాపురం తర్వాత భార్య వేరొకరితో వెళ్లిపోయింది. డబ్బూ పోయింది. ఆ దుఃఖంలో ఉన్న అతన్ని కూతుళ్ల ఆందోళన మీద కోర్టు నెలలోపు కాలానికి ఆస్పత్రికి పంపింది. బయటికొచ్చాక ఉద్యోగం చేశాడు, మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, మళ్లీ జబ్బు రాలేదు. 2011లో తుపాకీ కొనబోతే నిక్స్ కాదంది. మిషిగన్‌లో అప్పటికి ఊరట కార్యక్రమం లేదు, ఏటీఎఫ్ తలుపు 1992 నుంచే మూసి ఉంది. 2016లో ఆరో సర్క్యూట్ అప్పీలు కోర్టు పూర్తి ధర్మాసనం అతనికి వాదించుకునే హక్కు ఉందని తేల్చింది. ఒకసారి జబ్బు పడినవాడిని జీవితాంతం నిషేధించడానికి తగిన కారణం ఏమిటో ప్రభుత్వం చూపాలంటూ కేసును కింది కోర్టుకు పంపింది.

వాషింగ్టన్ రాష్ట్రం నుంచి వచ్చిన కేసు ఇంకా చేదు. 1999లో 17 ఏళ్ల కుర్రాడిని 9 నెలలకు పైగా నిర్బంధ చికిత్సలో ఉంచారు. ఆ తర్వాత అతను డిగ్రీ, ఆపైన మాస్టర్స్ చేసి ఉద్యోగంలో స్థిరపడ్డాడు. 2014లో రాష్ట్ర కోర్టు అతని వాదన విని హక్కు తిరిగి ఇచ్చింది. ఫెడరల్ ప్రభుత్వం మాత్రం ఒప్పుకోలేదు. కారణం అతని మనసులో లేదు, వాషింగ్టన్ చట్టం వాక్యాల్లో ఉంది. 2008 చట్టం అడిగిన ప్రమాణం మాటలకూ, ఆ రాష్ట్రం వాడిన మాటలకూ పొంతన కుదరలేదు. 2020లో తొమ్మిదో సర్క్యూట్ అతని కేసు కొట్టేసింది. నిర్బంధ చికిత్స పొందినవారిలో ఆత్మహత్య ముప్పు మామూలు జనం కంటే ఎక్కువని చూపే అధ్యయనాలను కారణంగా చూపింది.

పెన్సిల్వేనియాలో దీనికి తలకిందులుగా జరిగింది. అక్కడ ఒక వ్యక్తి 2019లో మూడో సర్క్యూట్‌లో ఓడిపోయాడు. కేసు సుప్రీంకోర్టుకు చేరేసరికి, ఆ రాష్ట్ర ఊరట ప్రక్రియ ఫెడరల్ ప్రమాణానికి సరిపోతుందని ఏటీఎఫ్ తేల్చింది. అంతటితో అతని నిషేధం పోయింది, తీర్పును సుప్రీంకోర్టు రద్దు చేసింది. ఇద్దరూ కోలుకున్నవాళ్లే, ఇద్దరి మాటా సొంత రాష్ట్రాలు నమ్మాయి. ఒకరికి తుపాకీ వచ్చింది, ఒకరికి రాలేదు. రెండింట్లోనూ ఫెడరల్ స్థాయిలో ఎవరూ మనిషి వైపు చూసి నిర్ణయించలేదు. అదే పెన్సిల్వేనియాలో ఇంకో కేసు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. చిన్నప్పుడు నిర్బంధ చికిత్సకు వెళ్లిన ఒక జైలు ఉద్యోగికి డ్యూటీలో తుపాకీ పట్టుకునే అనుమతి ఉంది, ఎందుకంటే ప్రభుత్వ విధి నిర్వహణకు చట్టంలో మినహాయింపు ఉంది. ఖైదీల మధ్య ఆయుధం పట్టుకోవచ్చు, ఇంట్లో పట్టుకుంటే నేరం. 2016లో ఫెడరల్ కోర్టు ఆ ఉద్యోగి వైపు మొగ్గింది.

ఇదంతా చదివాక నిషేధమే అన్యాయం అనిపించవచ్చు. అంత తేలిక కాదు. 2022లో అమెరికాలో తుపాకుల వల్ల సుమారు 48 వేల మంది చనిపోతే, వారిలో దాదాపు 27 వేల మంది తమను తామే కాల్చుకున్నవారు. మాత్రలు మింగినవాళ్లలో ఎక్కువమంది బతుకుతారు. తుపాకీతో ప్రయత్నించినవాళ్లలో పదిమందికి ఒకరు బతికితే గొప్ప. మానసిక చికిత్సాలయం నుంచి ఇంటికొచ్చిన తొలి వారాలు, నెలలు ఆత్మహత్య ముప్పు బాగా ఎక్కువగా ఉండే కాలమని వైద్యులకు తెలుసు. ఆ సమయంలో ఇంట్లో తుపాకీ లేకపోవడం ప్రాణం నిలబెడుతుంది. తీవ్రమైన మానసిక జబ్బు వల్ల ఇతరుల మీద జరిగే హింస మాత్రం తక్కువ. డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ స్వాన్సన్ లెక్క ప్రకారం, ఆ జబ్బులన్నీ రేపటికల్లా మాయమైనా అమెరికాలో హింస 4 శాతం మాత్రమే తగ్గుతుంది. కాబట్టి నిషేధం కాపాడేది ముఖ్యంగా రోగినే, అదీ ముఖ్యంగా మొదటి రోజుల్లో. చట్టం మొదటి ఏడాదిని, నలభయ్యో ఏడాదిని ఒకే గాటన కట్టడం లోపం గానీ, మొదటి ఏడాది తుపాకీ తీసేయడం కాదు. కొన్నేళ్ల గడువు, ఆలోగా విచారణ కోరితే ఇంకా ప్రమాదం ఉందని ప్రభుత్వమే చూపాల్సి రావడం అన్న కాలిఫోర్నియా తరహా పద్ధతి తుపాకీ వ్యతిరేకులకూ, అభిమానులకూ ఇప్పుడున్న దానికంటే మెరుగ్గా ఉంటుంది.

మాజీ సైనికుల సంగతి ఇంకో రకం. పింఛను డబ్బు సొంతంగా చూసుకోలేరని మాజీ సైనికుల శాఖ తేల్చి, వారి తరఫున లెక్కలు చూసేందుకు మరొకరిని పెడితే, ఆ పేరును నిక్స్‌కు పంపేవారు. జడ్జి లేడు, ప్రమాదం అన్న ప్రశ్నే రాలేదు. బ్యాంకు పుస్తకం చూసుకోలేనివాడు తుపాకీ పెట్టుకోకూడదన్నది దాని తర్కం. అలా లక్షకు పైగా పేర్లు చేరాయి. 2008 చట్టం ప్రకారం ఆ శాఖ ఊరట పద్ధతి పెట్టింది గానీ మంజూరైనవి అతి తక్కువ. 2024 మార్చిలో కాంగ్రెస్ తన పాత ఆయుధాన్నే తిప్పి వాడింది: జడ్జి ఉత్తర్వు లేకుండా పేర్లు పంపడానికి ఆ శాఖ నిధులు వాడకూడదని బడ్జెట్‌లో రాసింది.

1992లో మూసిన ఫెడరల్ తలుపు కూడా 2025లో కదిలింది. ఆ ఏడాది మార్చిలో న్యాయశాఖ ఊరట అధికారాన్ని ఏటీఎఫ్ చేతి నుంచి తీసి అటార్నీ జనరల్ దగ్గరే పెట్టుకుంది. కాంగ్రెస్ వాక్యం ‘ఏటీఎఫ్ నిధులు’ అనే అంటుంది కదా, వేరే ఆఫీసు చేస్తే అడ్డేముందన్నది లాజిక్. ఏప్రిల్‌లో 10 మందికి హక్కులు తిరిగి ఇచ్చారు. వాళ్లలో గృహహింస కేసులో శిక్ష పడిన నటుడు మెల్ గిబ్సన్ ఉన్నాడు. జూలైలో కొత్త దరఖాస్తు పద్ధతికి ముసాయిదా నిబంధనలు వచ్చాయి. చర్చంతా పాత నేరస్థుల చుట్టూ తిరిగింది. ఆస్పత్రి నుంచి కోలుకుని వచ్చినవాళ్ల గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. 1965లో లాగే ఈసారి కూడా తలుపు తీయించింది వాళ్లు కాదు.

సుప్రీంకోర్టు ఈ ప్రశ్నను నేరుగా ఇంతవరకు ముట్టుకోలేదు. తుపాకీ వ్యక్తిగత హక్కు అని చెప్పిన 2008 నాటి హెల్లర్ తీర్పులోనే, మానసిక రోగుల మీద ఉన్న పాత నిషేధాలను ఇది కదిలించదని ఒక వాక్యం ఉంది. 2022 బ్రూయెన్ తీర్పు ప్రతి ఆంక్షకూ చరిత్రలో పోలిక చూపమంది. 18వ శతాబ్దంలో పిచ్చి పట్టినవాడిని బంధించేవారు, కుదుటపడ్డాక వదిలేసేవారు. కుదుటపడినవాడి మీద జీవితాంతం నిషేధం వేసిన పోలిక వెతకడం ప్రభుత్వానికి కష్టమే.

అమెరికాలోని తెలుగువారికి ఇది దూరపు గొడవలా కనిపించవచ్చు. హెచ్1బీ, ఎఫ్1 వీసాల మీద ఉన్నవారికి వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప తుపాకీ ఎలాగూ కుదరదు. గ్రీన్‌కార్డు వచ్చాక కుదురుతుంది. ఎంఎస్ చదివే రోజుల్లో టెన్షన్, ఒంటరితనంతో కుంగిపోయి, రూమ్మేట్లు 911కు ఫోన్ చేస్తే కోర్టు ఉత్తర్వుతో ఆస్పత్రిలో చేరిన విద్యార్థికి ఆ రోజు తుపాకీ ఆలోచనే ఉండదు. పదిహేనేళ్లకు గ్రీన్‌కార్డుదారుడిగా గ్యాస్ స్టేషన్ పెట్టుకుని, దోపిడీల భయంతో పిస్తోలు కొనబోతే ఫారంలోని ‘ఎప్పుడైనా’ ఎదురవుతుంది. ఆటిజం ఉన్న బిడ్డకు 18 ఏళ్లు నిండగానే గార్డియన్‌షిప్ తీసుకునే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. సొంత వ్యవహారాలు చూసుకోలేడని కోర్టు రాస్తే ఆ బిడ్డకూ ఇదే నిషేధం. దాని అవసరం వాళ్లకు లేకపోవచ్చు గానీ, అదే ఇంట్లో తండ్రి తుపాకీ ఉంటే దాన్ని బిడ్డ చేతికి అందకుండా తాళం వేసి ఉంచాలన్న సంగతి వాళ్లకు తెలియాలి.

భారతదేశంలో ఈ చిక్కు లేదు, ఎందుకంటే ఇక్కడ తుపాకీ హక్కు కాదు, లైసెన్సు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం మతిస్థిమితం లేనివారికి లైసెన్సు ఇవ్వరు, ఇచ్చినది రద్దు చేయవచ్చు. ‘తిరిగి ఇవ్వడం’ అంటూ ప్రత్యేక ప్రక్రియ లేదు. కోలుకున్నవాడు మెడికల్ సర్టిఫికెట్‌తో మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి, ఇవ్వడం ఇవ్వకపోవడం అధికారి చేతిలో ఉంటుంది.

అమెరికాలో అర్జీ గెలిచినవాడి పని కూడా కోర్టు మెట్ల దగ్గర అయిపోదు. రాష్ట్రం ఆ సంగతి నిక్స్‌కు తెలపాలి, అక్కడ రికార్డు తీసేయాలి. ఈలోగా దుకాణానికి వెళితే పాత రికార్డే కనిపించి మళ్లీ తిరస్కరణ వస్తుంది. అందుకే కోర్టు సీలున్న కాపీ జేబులో పెట్టుకుని తిరిగేవాళ్లుంటారు. ఎఫ్‌బీఐకి అప్పీలు పెట్టి, ప్రతి కొనుగోలులోనూ చూపడానికి ఒక ప్రత్యేక నంబరు తెచ్చుకునేవాళ్లూ ఉంటారు.

ఆ పనంతా అయ్యాక మళ్లీ ఫారం 4473 ముందు కూర్చోవాలి. ప్రశ్న మారలేదు, ‘ఎప్పుడైనా’ అన్న మాట అక్కడే ఉంది. అర్హత ఉన్న రాష్ట్ర కార్యక్రమం కింద ఊరట పొందితే, 2008 చట్టం ప్రకారం ఆ నిర్బంధ చికిత్స అసలు జరగనట్టే లెక్క. అలాంటివారు ‘కాదు’ అని రాయాలని ఫారం వెనక ఉన్న సూచనల్లోనే ఉంటుంది. పెన్సిల్వేనియా మనిషి ఆ టిక్ పెట్టవచ్చు. వాషింగ్టన్ మనిషి, సొంత రాష్ట్రపు జడ్జి సంతకం చేతిలో ఉన్నా, 2020 తీర్పు నాటికి పెట్టలేకపోయాడు.